మూడోసారి వద్దంటేనే వద్దు

అమలాపురంలో ఆ హోమ్‌కి నా అంతట నేనే వెళ్లాను. ఎవరూ పంపలేదు, ఎవరూ మోసుకెళ్లలేదు. పక్షవాతం కొట్టి రెండు నెలలు కూడా కాలేదు. ఒక చేత్తో సూట్‌కేసు, రెండో చేత్తో గొడుగు పట్టుకుని ఆటో దిగి, మెట్లెక్కి, "నా గది ఏదమ్మా" అని అడిగాను. అక్కడున్నవాళ్లు నన్ను చూసి, చేరడానికి వచ్చిన పేషెంటు ఎక్కడున్నాడా అని నా వెనక వెతికారు.

పడిపోయిన చేత్తో గొడుగెలా పట్టుకున్నావయ్యా అని మీరడుగుతారు. దాని దగ్గరికి వస్తాను, కాస్త ఆగండి. సగం జీవితం కొబ్బరి దళారీగా బతికినవాణ్ని. తోట చూసి, ఉన్న కాయకి నాలుగు కాయలు కలిపి షావుకారుకి చెప్పడం నా వృత్తి. ఆ అలవాటు రోగంలో కూడా నన్ను వదల్లేదు.

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాను. కర్ర పట్టుకుని నడుస్తున్నాను, నా అన్నం నేనే కలుపుకుంటున్నాను, ఎదుటివాణ్ని పూర్తి చెయ్యనివ్వకుండా నేనే మాట్లాడుతున్నాను. భయం గడిచింది కాబట్టే రాస్తున్నాను. గడవకముందే రాయగలిగినంత గుండె నాకు లేదు. మా వైపు మనుషులు ఇప్పుడిప్పుడే ఇలాంటి హోమ్‌ల మెట్లెక్కుతున్నారు. ఎక్కేముందు ఈ ముసలాడి మాట చెవిన వేసుకుంటే ఒక్క దెబ్బైనా తప్పుతుంది.

జ్యేష్ఠం చివర్లో మొదలైంది. మాది అప్పనపల్లి దాటాక ఒక లంక ఊరు. ఆ పొద్దున ఒకరి తోటలో కొబ్బరికాయ దింపు జరిగింది. రాశి పోసిన కాయలు లెక్క చూసి షావుకారుకి ఫోన్‌లో చెప్పాను. తోట రైతు నా మొహంలోకి అదోలా చూశాడు.

"సూరిబాబుగారండీ, మిగతా సగం కాయ ఏమైపోయిందండీ?"

మళ్లీ చూశాను. నా కంటికి కనపడినంత మటుకు సరిగ్గానే చెప్పాను. నా జన్మలో సరుకు తక్కువ చేసి చెప్పింది ఆ ఒక్క రోజే. రైతు నవ్వబోయి, నా మూతి ఒక పక్కకి జారడం చూసి ఆగిపోయాడు. భుజం మీది కండువా కింద పడింది. తీసుకుందామంటే చెయ్యి నా మాట వినలేదు.

కాకినాడ తీసుకెళ్లారు. వైద్యం సంగతి డాక్టర్లకి తెలుసు, నాకు తెలిసిందల్లా ఎదురుచూపే. స్కానింగ్ గది బయట వరండాలో స్ట్రెచర్ మీద ఉంచారు. గుమ్మం దగ్గర ఎవరెవరివో చెప్పులు. మా ఆవిడ మాణిక్యం నా చెప్పులు మాత్రం అక్కడ విడిచిపెట్టలేదు. సంచిలో పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్క స్ట్రెచర్ మీద ఒక ముసలావిడ. ఆవిడ కూతురు, మాకు ముక్కూ మొహం తెలియని మనిషి, మాటిమాటికీ లేచి వచ్చి తన తువ్వాలుతో నా మూతి తుడిచి వెళ్లేది. ఎందుకు తుడుస్తోందో నాకర్థం కాలేదు. చొంగ కారుతోందని నాకు తెలిస్తే కదా. "మా అమ్మకీ ఇంతేనండి, తనకి తెలీదు" అని మా ఆవిడతో నెమ్మదిగా చెప్పింది. ఆ మనిషి పేరు అడగలేదు. అడగాల్సింది.

అప్పుడు నేనేమీ భయపడలేదని ఊరంతా చెప్పుకున్నాను. భయపడ్డాను. చావుకి కాదు, నోరు పోతుందేమోనని. నాకు తోటలు లేవు, పొలాలు లేవు, మాటే ఆస్తి. నాలుక కాస్త మందంగా తిరిగినా, మాట మిగిలింది. అది చాలనుకున్నాను. మిగతాది ఎంత పోయిందో అప్పటికి నాకు తెలియదు.

ఆషాఢంలో ఇంటికొచ్చాం. ఇల్లు ఆ ఇల్లే, మనుషులు ఆ మనుషులే, కానీ అందరూ అలిసిపోయి ఉన్నారు. మా అబ్బాయి శ్రీనుకి ఐ.పోలవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. వాడి మనసు సగం అక్కడే. కోడలు దుర్గ అంగన్‌వాడీ టీచరు. పొద్దున్నే వండి, నా కంచం నా ముందు పెట్టి, పరిగెత్తుకుంటూ పోయేది. రోజంతా నన్ను లేపడం, కూర్చోబెట్టడం, దొడ్లోకి తీసుకెళ్లడం మాణిక్యం పని. నాకు ఒళ్లు బరువు, ఆవిడకి మోకాళ్లు బరువు. ఒకసారి మంచం పక్కన ఇద్దరం కలిసే జారిపడ్డాం. కింద కూర్చుని నవ్వుకున్నాం. తరవాత ఆవిడ పెరట్లోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. గిన్నెల చప్పుడు లేకుండా కుళాయి ఎందుకు తిప్పుతారో నాకు తెలుసు.

నా కష్టం వేరు. తిండి. దుర్గ పెట్టిన కంచం ఎప్పుడు చూసినా సగమే ఉండేది. సగం అన్నం, కాస్త కూర, పచ్చడి అసలు లేదు. రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లకల్లా చెప్పడం మొదలుపెట్టాను, రోగిష్టివాడికి మా ఇంట్లో సగం కంచమే ఇస్తారని, డాక్టరే అంతే పెట్టమన్నాడేమోనని. నవ్వుతూనే చెప్పేవాణ్ని. నవ్వుతూ చెప్పిన మాట ఇంకా లోతుకి దిగుతుంది. గుమ్మం లోపల దుర్గ వింటోందని కూడా నాకు తెలుసు. మర్నాటి నుంచి కూరలు మారాయి. ఓ రోజు పనసపొట్టు, ఓ రోజు చింతచిగురు పప్పు, ఓ రోజు నాకిష్టమని పులస కాకపోయినా ఏదో ఒక చేప. కంచం మాత్రం సగమే.

ఇంతలో ఎగువ వానలు మొదలయ్యాయి. లంకలో ఉండేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. శ్రావణం వస్తే గోదారి మా గుమ్మంలోకి వచ్చి పలకరిస్తుంది. కాజ్‌వే మునిగితే పడవే గతి. నీళ్లు పెరిగినప్పుడు శ్రీను చెరువు గట్ల మీద ఉండకపోతే ఏడాది కష్టం సముద్రంలో కలుస్తుంది.

ఒక సాయంత్రం అందరం వీధి అరుగు మీద ఉన్నాం. నేను మడతకుర్చీలో ఉన్నాను. శ్రీను నా కుడిచేతి పక్కన మెట్టు మీద కూర్చుని ఫోన్‌లో వరద కబుర్లు చూస్తున్నాడు. మా ఆవిడ, కాఫీ తెచ్చిచ్చిన దుర్గ కూడా అక్కడే ఉన్నారు. అప్పుడు అన్నాను:

"నాతో మీకెందుకురా ఈ అవస్థ. అమలాపురంలో హోమ్ పెట్టేరంట కదా. నన్ను అక్కడ పడేయండి."

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. పెళ్లి భోజనాల్లో పంక్తికి నేనే పెద్ద. బూరెల బుట్ట పట్టుకుని వంగి వడ్డిస్తే, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దండి" అననివాడు ఉండడు. ఆ వద్దు విని బుట్టతో ముందుకి నడిచిపోయినవాడికి మళ్లీ వడ్డన ఇవ్వరు. మొదటి వద్దు మర్యాద. రెండోది మొహమాటం. మూడోసారి వద్దంటేనే అది వద్దు. అలాగే "నేను వెళ్లిపోతాను" అని పెద్దవాడు అంటే, "అదేం మాటండీ" అని ఎవరో ఒకరు అనాలి. రెండోసారి అంటే చెయ్యి పట్టుకోవాలి. అప్పుడు పెద్దవాడు, మీ ఇష్టం అని కూర్చుంటాడు. ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు.

శ్రీను ఫోన్‌లోంచి తలెత్తి, మళ్లీ దించుకున్నాడు. దుర్గ నోరు మెదపలేదు. ఒక్కసారి, మర్యాదకైనా, వద్దు మావయ్యగారండీ అనలేదు. కాఫీ చల్లారిపోయింది. నాకు రెండోసారి అనే అవకాశమే ఎవరూ ఇవ్వలేదు. మర్నాడు శ్రీను హోమ్‌కి ఫోన్ చేశాడు.

నా అంతట నేనే వెళ్లాను అన్నది ఇదీ. ఇక సూట్‌కేసు, గొడుగు సంగతి. ఆటోలోంచి శ్రీను నన్ను రెండు చేతుల మీద ఎత్తుకుని మెట్లెక్కించాడు. సూట్‌కేసు దుర్గ మోసింది. గొడుగు మాణిక్యం పట్టింది, అదీ నా నెత్తి మీదే. పేషెంటు ఎక్కడా అని ఎవరూ వెతకలేదు.

ఆ హోమ్‌లో ప్రతి మనిషికీ విడివిడిగా సర్వీసు ప్లాన్ అని రాస్తారు. ఈయనకి దేనికి సాయం కావాలి, ఎంత కావాలి, ఎవరు చెయ్యాలి, అసలు ఈయన ఏం కోరుకుంటున్నాడు, అన్నీ ఉంటాయి. పనివాళ్లు ఆ ప్లాన్‌లో ఉన్నదే చేస్తారు. మా ప్లాన్లు రాసేది షాహీన అనే నర్సమ్మ. కడప పిల్ల. ఉద్యోగం కోసం గోదారి దాటి వచ్చి ఇంకా మా పులుసుల తీపికి అలవాటు పడలేదు. ఇంట్లోవాళ్లు వెళ్లిపోయాక నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

స్నానానికి సాయం కావాలా సార్ అంది. ఎందుకమ్మా మీకు శ్రమ, వద్దండి అన్నాను. లేచి నడవడానికి? గోదారి ఈదినవాణ్నమ్మా, గదిలో నడవలేనా అన్నాను. (ఈదింది ఒక పాయ. అదీ ఎండాకాలంలో, నడుం లోతు.) భోజనం దగ్గర ఎవరైనా కూర్చోవాలా? అబ్బే. ప్రతి మాటకీ ఆగి ఆ పిల్ల మొహం చూశాను, ఇదిగో రెండోసారి అడుగుతుంది అని. అడగలేదు. చకచకా రాసుకుని తరవాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. అన్నీ అయ్యాక, మీరు చాలా ఇండిపెండెంట్ సార్ అని మెచ్చుకుని లేచింది. నా గదిలో ఉండే రాజోలు రాజుగారు మంచం మీంచి ఇదంతా విని, సూరిబాబుగారూ, మీరు బాగా ఇరుక్కున్నారండీ అన్నారు.

ఇరుక్కున్నాను. సత్యవతి అని ఓడలరేవు మనిషి, మాకు ఆయా. పొద్దున్నే బకెట్టు నీళ్లు తోడి, స్టూలు వేసి, నన్ను దాని మీద కూర్చోబెట్టి, బయటికి వెళ్లిపోయేది. ప్లాన్‌లో 'సొంతంగా' అని ఉంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది. నేను స్టూలు మీద కూర్చుని తలుపు వంక చూసేవాణ్ని. గడ్డం కూడా నేనే గీసుకునేవాణ్ని, ఆ విషయంలో చాలా గర్వంగా ఉండేవాణ్ని. ఒక రోజు రాజుగారు నా మొహం చూసి, ఒక చెంప తీసేసి రెండోదాన్ని పంచాయితీలో పెట్టేరా అండీ అన్నారు. ఒక చెంప నున్నగా, రెండో చెంప ముళ్లపందిలా ఉందట. బ్లేడు మంచిది కాదు అని చెప్పాను.

వినాయక చవితి పొద్దున తలంటు. సత్యవతి తలుపవతల నుంచి అడిగింది, "బాబుగారండీ, రమ్మంటారా?" గుండె ఉప్పొంగింది. అయినా నోరు ఊరుకుంటుందా. "వద్దమ్మా, నీకెందుకు" అన్నాను. ఇంకోసారి అడుగుతుందని చూస్తున్నాను. ఆవిడ అడుగుల చప్పుడు వరండాలో దూరమైపోయింది.

లేచాను. లేచాననుకున్నాను. ఎడమ కాలు మడిచి ఉందని నాకు తెలియలేదు. తల గోడ అంచుకి తగిలింది. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాను, కుళాయి కారుతోంది, నీళ్లు ఒక కాలి మీద పడుతున్నాయి. ఆ కాలు ఎవరిదో అనుకున్నాను. ఎవరో నా పక్కన పడి ఉన్నారు పాపం, లేపాలి అనుకున్నాను. తరవాత ఆ కాలికి ఉన్న మచ్చ గుర్తుపట్టాను. చిన్నప్పుడు కొబ్బరి బొండాం కొడుతూ కత్తి తగిలిన మచ్చ. అది నాది. ఈ రోగం మొత్తంలో నన్ను నిజంగా భయపెట్టింది ఆ ఒక్క క్షణం. చావు కాదు, మాట కాదు. నాలో సగం నాకు చెప్పకుండా వెళ్లిపోయింది.

అప్పుడు మాత్రం అరిచాను. మర్యాద చూసుకోలేదు.

ఎముకలు విరగలేదు. నుదుటి మీద కుట్లు పడ్డాయి. సాయంత్రం షాహీన వచ్చి కూర్చుంది. కోపంగా ఉంది, ఏడ్చినట్టు కూడా ఉంది.

"సాయం వద్దని మీరే కదా సార్ చెప్పినారు. నేను అట్లనే రాసినా."

"వద్దంటే వద్దేనా అమ్మా?"

"వద్దంటే వద్దు కాక ఇంకేముంటుంది సార్?"

నేను రాజుగారి వంక చూశాను. ఆయన దుప్పటి సర్దుకుని, అమ్మా, మా వైపు మొదటి వద్దు లెక్కలోకి రాదు అని మొదలుపెట్టి, బూరెల బుట్ట దగ్గర్నుంచి పెళ్లిచూపుల కాఫీ దాకా అరగంట చెప్పారు. ఆ పిల్ల కాసేపు నోరు తెరుచుకుని విన్నది. తరవాత నవ్వింది. తరవాత ఉన్నట్టుండి నవ్వు పోయింది. ఈ హోమ్‌లో ఎంతమంది నాతో ఒక్కసారే వద్దని ఉంటారు సార్, నేను అందరికీ అట్లనే రాసినా అంది. మర్నాటి నుంచి గదిగదికీ తిరిగి అన్ని ప్లాన్లూ మళ్లీ అడిగిందని విన్నాను. ఆ మాట విన్నాక నాకు కాస్త సిగ్గేసింది. తప్పు సగం నాది. మా పద్ధతి తెలియని మనిషి దగ్గర మర్యాద చూపించి, ఆ మనిషిని దోషిని చేశాను.

నా ప్లాన్ మాత్రం ఆ పిల్ల అడిగి రాయలేదు, చూసి రాసింది. రెండు రోజులు నా వెనకాలే ఉంది. గడ్డం గీసుకుంటుంటే చూసింది. స్నానం చేస్తుంటే సత్యవతిని పక్కన నిలబెట్టి, ఏ భుజం తడిసింది, ఏది పొడిగా ఉంది అని కనుక్కుంది. తరవాత మధ్యాహ్నం భోజనం దగ్గర నా ఎదురుగా కూర్చుంది. నేను తిన్నాను. కంచం ఖాళీ చేసి, "చూశావా అమ్మా, ఇక్కడా సగమే పెడుతున్నారు" అన్నాను.

షాహీన చెయ్యి చాపి నా కంచం పట్టుకుని నెమ్మదిగా తిప్పింది.

అన్నం వచ్చింది. తెల్లగా, ముట్టుకోని అన్నం. పక్కన వంకాయ కూర, అంచున పచ్చడి. గోడ వెనకనుంచి ఒక మనిషి నడిచొచ్చినట్టు వచ్చింది. ఆ పిల్ల చెప్పింది, జబ్బు మీ చెయ్యి మీదే కాదు సార్, మీ ఎడమ పక్క మొత్తం మీద పడింది, కళ్లు బాగానే ఉన్నాయి, మెదడే ఆ పక్కకి చూడటం మరిచిపోయింది, మెల్లగా నేర్పించొచ్చు అని.

నేను ఆ అన్నం తినలేకపోయాను. తోటలో సగం కాయలు గుర్తొచ్చాయి. దాని కంటే ముందు దుర్గ గుర్తొచ్చింది. ఆ పిల్ల రోజూ నిండు కంచం పెట్టింది. నేను సగం వదిలేసి, సగమే పెట్టిందని ఊరంతా చెప్పాను. వదిలేసిన సగం తీసేసేటప్పుడు ఏమనుకునేదో.

అప్పుడు నా ప్లాన్ కొత్తగా రాశారు. నా ముందే, పైకి చదువుతూ. కంచం మధ్యలో ఒకసారి తిప్పాలి. గడ్డం గీశాక అద్దంలో రెండు చెంపలూ చేత్తో తడిమి చూసుకోమని గుర్తుచెయ్యాలి. స్నానం అప్పుడు ఒక మనిషి లోపలే ఉండాలి. పలకరించేవాళ్లు ముందు కుడిపక్కన నిలబడి, మాట్లాడుతూ ఎడమకి రావాలి, అప్పుడు తల కూడా వెంట తిరుగుతుంది. చివర్లో ఎర్ర సిరాతో ఒక ముక్క: ఈయన వద్దంటే మళ్లీ అడగాలి, మూడోసారి వద్దంటేనే వద్దు. ఇలాంటి ప్లాన్ దేశంలో ఇంకెక్కడా ఉండదు. రాజుగారు తనకీ ఆ ముక్క రాయమని పట్టుబట్టారు. అది పులిహోర కోసమని అందరికీ తెలుసు.

ఒక గడి మిగిలింది. మీకు ఏం కావాలి సార్ అని అడిగింది షాహీన.

"నాకేం కావాలమ్మా. ఈ వయసులో."

"ఏం కావాలి సార్?"

"ఏదో మీరంతా ఉన్నారు, చాలు."

రాయలేదు. పెన్ను పక్కన పెట్టింది.

"మూడోసారి అడుగుతున్నా సార్. మీకు ఏం కావాలి?"

 బూరెల బుట్ట పట్టుకుని ఎంతోమందిని మూడోసారి అడిగాను గానీ, నన్ను అలా అడిగితే ఎలా ఉంటుందో నాకు తెలియదు. "మా ఇంట్లో, మా ఆవిడ పక్కన కూర్చుని, మా కోడలు పెట్టిన కంచం నిండా తినాలమ్మా" అన్నాను. అదే రాసింది, ఉన్నది ఉన్నట్టు. దాని కింద ఏమేం నేర్చుకుంటే ఇంటికి పంపొచ్చో వరసగా రాసింది. ఒక మనిషి చెయ్యి ఆసరాతో మంచం దిగాలి. గుమ్మం దాటాలి. అన్నిటికంటే చివర, కదిలే చోట అడుగు వెయ్యగలగాలి, ఎందుకంటే మాది లంక, పడవ తప్పదు.

ఆశ్వయుజం అంతా ఆ పనే. పడవకి బదులు నేల మీద పాత పరుపు వేసి దాని మీద నిలబెట్టేవారు. సత్యవతి ఎడమ పక్కన నిలబడి, "ఇటు చూడండి బాబుగారండీ, నేనేమైనా అంత బాగోనా?" అని ఏడిపించేది. తల తిప్పడం అంత కష్టమని ఎప్పుడూ అనుకోలేదు. అడిగినవాళ్లకి వారంలో నేర్చేసుకున్నానని చెబుతాను. వారం కాదు. నెల దాటింది. మధ్యలో రెండుసార్లు మానేస్తానని అలిగాను. ఆ రెండుసార్లూ షాహీన మూడేసి సార్లు బతిమాలింది. ఆ ముక్క రాయించుకోవడంలో ఉన్న లాభం నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది.

కార్తీకం వచ్చేసరికి గోదారి తగ్గింది. ఆ ఏడు వరదకి మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయట. పక్కింటి మంచంపట్టిన ముసలాయన్ని పడవలోకి ఎక్కించేటప్పుడు నలుగురు పట్టుకున్నా జారి నీళ్లలో పడ్డాడని, దేవుడి దయవల్ల బతికాడని చెప్పారు. 

ఇంటికొచ్చిన రోజు దుర్గ కంచం పెట్టి పక్కన నిలబడింది. "తిప్పమంటారా మావయ్యగారండీ?"

"వద్దమ్మా, నేను చూసుకుంటాను."

"మళ్లీ అడగాలని హోమ్‌వాళ్లిచ్చిన ప్లాన్‌లో ఉందండి. తిప్పమంటారా?"

అప్పుడు చెప్పాను. సగం కంచం సంగతి, ఊళ్లో నేనన్న మాటలు, అన్నీ. తల తిప్పి, ఎడమ పక్కన నిలబడ్డ ఆ పిల్ల మొహం చూస్తూ చెప్పాను. దుర్గ కంచం అంచు పట్టుకుంది. "నా వంట మీకు సయించట్లేదేమో అనుకున్నానండి. అందుకే రోజుకో కూర మార్చేను" అంది. కంచం తిప్పి లోపలికి వెళ్లిపోయింది. నిండా తిన్నాను. మా ఆవిడ పక్కనే కూర్చుంది.

కాబట్టి చదివేవాళ్లకి ఈ ముసలాడు చెప్పేది ఇదే. మీ ఇంటి పెద్దవాళ్లకి ప్లాన్ రాసేటప్పుడు మీరు పక్కన ఉండండి. వాళ్లు వద్దన్నది ఎన్నోసారో రాసేవాళ్లకి చెప్పండి. మీరే ఆ పెద్దవాళ్లయితే, పంక్తి మర్యాద పంక్తిలోనే వదిలిపెట్టండి. తోట దగ్గర లేనిది ఉందని చెబితే షావుకారు ఒక్కడే మోసపోతాడు. ఇక్కడ చెబితే మీరే పడతారు.

నా మనసులో ఒక్కటి మాత్రం మిగిలింది. కంచం విషయంలో దుర్గకి అపకారం చేశాను, ఒప్పుకున్నాను. ఆ సాయంత్రం అరుగు మీద మాట మాత్రం ఎత్తలేదు. బంగారం లాంటి పిల్ల, కానీ ఆ రోజు ఒక్కసారి వద్దనలేదు. అందరికీ అన్నీ ఉండవు, సరిపెట్టుకున్నాను.

ఇంతవరకూ రాసి మాణిక్యానికి చదివి వినిపించాను. ఆవిడ కొబ్బరి కోరుతూ విన్నది. గొడుగు దగ్గర నవ్వింది, కాలి మచ్చ దగ్గర కోరడం ఆపింది. చివరిదాకా విని, చిప్ప పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుంది.

"అంతా బాగానే రాసేరు గానీ, దుర్గ నోరు మెదపలేదన్నది తప్పండి. కొట్టేయండి. అది కాఫీ గ్లాసు కింద పెట్టేసి లేచింది. వద్దు మావయ్యగారండీ అనడానికి నోరు తెరిచింది. నేనే దాని చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టేను, అడ్డం చెప్పకని కళ్లతోనే చెప్పేను. వరదలో మిమ్మల్ని ఎత్తి పడవెక్కించే ఓపిక నాకు లేదు. మీరు నీళ్లలో పడితే చూసే ఓపిక అంతకంటే లేదు. ఆ రాత్రి అది అన్నం తినలేదు. మేమిద్దరం మీ ఎడం పక్కనే కూర్చున్నామండి. మీకు కనపడితేగా."